బావ క్లచ్ తొక్కిన కారు

మొన్న నల్లగండ్ల వెళ్లడానికి హైటెక్ సిటీ దగ్గర క్యాబ్ ఎక్కాను. దారి పొడుగునా ఎర్ర దీపాలే. ముందు బండి జానెడు కదిలితే మా బండీ జానెడు కదలడం, మళ్లీ ఆగడం. ఈ వయసులో నాకు తొందరేముంటుంది, ఊరికే డ్రైవరుని చూస్తూ కూర్చున్నాను. అతను ఎడమ కాలు మడిచి సీటు మీద పెట్టుకుని, ఇంట్లో చాప మీద కూర్చున్నంత హాయిగా ఉన్నాడు. ఇదేం కూర్చోవడం బాబూ అని అడిగాను. "ఆటోమేటిక్ బండి గదమ్మా. గేర్ల బండి తోలినన్ని రోజులు పొద్దుగూకేసరికి ఎడమకాలు గుంజుతుండె. ఇగ దానికి పనే లేదు" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. ఎడమ కాలికి పని లేని కారొకటి యాభై ఏళ్ల కిందటే ఇదే దారిలో తిరిగిందనీ, మేం కోరి మరీ దానికి మూడో పెడల్ పెట్టించుకుని నెత్తిన చేతులు పెట్టుకున్నామనీ చెబితే నమ్ముతాడా? అంతలో ఆకుపచ్చ దీపం పడింది. అతనికి చెప్పలేకపోయాను, మీకు చెబుతాను.

అరవైలు ముగిసే రోజులు. మా అక్కా బావా చందానగర్‌లో ఉండేవారు. బావకి సిటీలో సర్కారు ఉద్యోగం. కృష్ణా జిల్లా నుంచి వచ్చినవాళ్లకి నేల కనిపిస్తే చెయ్యి ఊరుకోదు కదా, నల్లగండ్ల వైపు కాస్త మెట్ట చెలక కొని ద్రాక్ష తోట వేశారు. అప్పట్లో హైదరాబాదు చుట్టూ అందరికీ ద్రాక్ష పిచ్చి. పందిళ్ల కింద వంగి నడుస్తుంటే లేతాకుపచ్చ గుత్తులు నెత్తికి తగిలేవి. ఇప్పుడు అద్దాల మేడలున్న మాదాపూర్, కొండాపూర్ వైపంతా బండరాళ్లూ, సీతాఫలం పొదలూ, వాటి మధ్య మేకలూ. నేను ఎం.ఏ. చదువుతానని వచ్చి వాళ్లింట్లో దిగాను. చదివింది తక్కువ, పందిరి కింద తిన్నది ఎక్కువ. తోట బావ పేరనే గానీ పెత్తనమంతా అక్కదే. కాయ ఎప్పుడు కొయ్యాలో, ఏ గంపలో ఎంత పెట్టాలో, మార్కెట్లో ఎవరికి వెయ్యాలో అక్క చెప్పాల్సిందే.

అక్క ఎడమ కాలు చిన్నప్పుడే పోలియోతో సన్నబడిపోయింది. అడుగు వేసినప్పుడల్లా ఎడమ మోకాలి మీద చేత్తో నొక్కి పెట్టి నడిచేది. ఎవరైనా పట్టుకోబోతే ఒప్పుకునేది కాదు. "నా కాలు నాకు తెలుసు, మీరు తప్పుకోండి" అనేది. పట్టుకోబోయినవాళ్లు ఆ మాటకి బిత్తరపోయేవాళ్లు. మా బావ మాత్రం ఎప్పుడూ చెయ్యి చాచేవాడు కాదు. మంచితనమో మొహమాటమో నాకు చాలాకాలం అర్థం కాలేదు. అసలు ఆ ఇద్దరి కాపురమే అంత మర్యాదగా ఉండేది. ఇంటికొచ్చిన చుట్టాలైనా అంతకంటే చనువుగా మాట్లాడుకుంటారు.

అలాంటి ఇంటికి ఆ కారు వచ్చింది. సిటీలో ఒక జాగీర్దారు కుటుంబం దేవిడీ అనే తమ పాత మేడని ఖాళీ చేస్తూ పాత అమెరికా కారుని అయినకాడికి వదిలించుకుంటుంటే, గంపలు బాగా పడతాయని బావ కొనేశాడు. ముదురు నీలం రంగు, పడవంత పొడుగు, ముందు సీటు మధ్యలో ఖాళీ లేకుండా ఒకటే బల్ల. మా అందరికీ తెలిసిన మొదటి కారు అదే. బావకి సైకిలు తప్ప ఏదీ రాదు, నేర్చుకోవాలన్న సరదా కూడా లేదు. దేవిడీలో పనిచేసిన ముసలి డ్రైవరు కారు అప్పగించడానికి వచ్చి, స్టీరింగు ముందు కూర్చోమంటే ఎవరూ కదలకపోతే అక్క వెళ్లి కూర్చుంది. ఇది తొక్కితే పోతుంది, అది తొక్కితే ఆగుతుంది, అంతే అన్నాడాయన. రెండూ కుడికాలి పనే. వారం తిరిగేసరికి అక్క ఆ పడవని చందానగర్ బజారులో ఎద్దుబండ్ల మధ్య నుంచి తిప్పుతుంటే జనం కొట్ల ముందుకొచ్చి చూసేవారు. జీవితంలో మొదటిసారి నడకని కాకుండా తనని చూశారని అక్క నాతో ఒకసారి అంది. కారంటే అంతేననీ, అన్ని కార్లూ అలాగే ఉంటాయనీ మేమంతా అనుకున్నాం.

కోతలప్పుడు రోజూ పొద్దున్నే గంపలు వెనకాల సర్ది, బావని ఆఫీసు దగ్గర దింపి, అక్క మార్కెట్‌కి వెళ్లేది. నేను ముందు సీట్లో, బావ వెనక సీట్లో. భార్య పక్కన ఆనుకుని కూర్చుంటే నలుగురూ ఏమనుకుంటారో అని ఆయన బెంగ. వెనకాల కూర్చుని పేపరు విప్పితే ఆఫీసు దాకా మొహం కనిపించేది కాదు. "బావగారూ, డ్రైవరుకి జీతమెంత ఇస్తున్నారని మీ ఆఫీసులో అడగట్లేదా?" అని నేనంటే పేపరు వెనక నుంచి "నువ్వు చదువుకోవడానికి వచ్చావా, నన్ను ఉడికించడానికి వచ్చావా?" అనేవాడు.

కొన్నేళ్లు బాగానే తిరిగింది, ఎం.ఏ. అయిపోయినా నేనూ అక్కడే ఉండిపోయాను. తర్వాత ఒక ఏడు, కోతలు ఇంకా మొదలుకాకముందు, మియాపూర్ ఎత్తు దగ్గర ఇంజను గోలపెట్టింది గానీ కారు కదల్లేదు. బొంబాయి రోడ్డు పక్కన లారీలు బాగుచేసే మేస్త్రీ షెడ్డుకి తోయించుకుని వెళ్లాం. అక్క స్టీరింగు ముందే కూర్చుని కిటికీలోంచి సంగతి చెప్పింది. ఆయన కిందికి దూరి చూసి, నూనె చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. "ఇంజను మంచిగనే ఉందమ్మా. దానంతట అదే గేర్లు మార్చే నడుమ డబ్బ ఖరాబైంది. దీని సామాను గీ దేశంల దొర్కదు. గిదే కంపెనీ పాత టాక్సీది గేర్ల డబ్బ ఉంది నా తాన. గది ఏస్తా, ఫికర్ జేయకుండ్రి" అన్నాడు. గేర్లు వెయ్యడం కష్టమా అని బావ అడిగాడు. "కష్టమేంది సార్? స్టీరింగ్ కింద పుల్ల ఉంటది, చెయ్యితోని గుంజుడే." చెయ్యితోనే కదా అని మేం నిశ్చింతగా ఇంటికొచ్చాం. తర్వాత రెండు మూడుసార్లు షెడ్డుకి వెళ్లినా రిక్షా దిగకుండానే అక్క మాట్లాడి వచ్చింది. పాత పెట్టె ఊడదీశాడు, కొత్తది బిగించడానికి అడుగురేకు కోశాడు, చక్రాలకి వెళ్లే పొడుగు కడ్డీని కత్తిరించి మళ్లీ అతికించాడు. అక్క ప్రతిదీ అడిగి తెలుసుకుంది. ఒక్కటి మాత్రం ఎవరికీ తట్టలేదు.

కారు సిద్ధమైందని కబురొచ్చి వెళ్లిన రోజు కోతలు మొదలయ్యాయి. ఈసారి అక్క రిక్షా దిగి, మోకాలి మీద చెయ్యి పెట్టుకుని, షెడ్డు వాకిలి నుంచి కారు దాకా నడిచింది. మేస్త్రీ మొహంలో నవ్వు అలాగే ఉండిపోయి, మెల్లగా వాడిపోయింది. అక్క ఎక్కి కూర్చుంది. కింద మూడు పెడల్స్. ఆ ఎడమ చివరిదేమిటని అడిగింది. "క్లచ్ అమ్మా. గేరు మార్చినప్పుడల్ల తొక్కాలె. ఎడమ కాలుతోని" అన్నాడాయన, అక్క కాలి వైపు చూస్తూ. అక్క రెండు చేతులతో ఎడమ కాలిని ఎత్తి పెడల్ మీద పెట్టి మోకాలి మీద బలంగా నొక్కింది. పెడల్ సగం దిగింది, కారు ఒక్క గెంతు గెంతి ఆగిపోయింది. మళ్లీ చేసింది. మళ్లీ ఆగిపోయింది. "మీరెన్నడు కిందికి దిగలేదమ్మా, నాకెట్ల తెలుస్తది?" అన్నాడు మేస్త్రీ, కళ్లల్లో నీళ్లు తిరుగుతుండగా. "నీదేముందయ్యా. నాకే గుర్తు రాలేదు" అంది అక్క.  ఆ కారులో కూర్చున్న అన్నేళ్లూ అక్కకి తన కాలు గుర్తు రాలేదు. మాకూ రాలేదు.

పాతది మళ్లీ వెయ్యడానికి లేదు. డ్రైవరుని పెట్టుకుందామన్నాడు బావ. లారీ డ్రైవరొకాయన వచ్చి గంపలు మార్కెట్‌కి చేర్చడం మొదలుపెట్టాడు. అక్క మొదటి రోజు వెనక సీట్లో కూర్చుని వెళ్లింది. రెండోరోజు నుంచి వెళ్లలేదు. తోటకీ రాలేదు. ఏ గంప ఎటు పోతోందో అడగలేదు. కాయ మాగిపోతోందని పనివాళ్లు ఇంటికొచ్చి చెబితే, "మీకు తెలీదా, కొయ్యండి" అని లోపలికి వెళ్లిపోయింది. తిన్నావా అంటే తిన్నాననేది, తినేది కాదు. మా అక్క అలా అయిపోతుందని నేను కలలో కూడా అనుకోలేదు. చెల్లెల్ని అయివుండి ఏం చెయ్యాలో తోచక బావ మీద విసుక్కునేదాన్ని. ఆయన మాత్రం పేపరు తిప్పడం మానేసి వాకిట్లో ఉన్న కారుని చూస్తూ కూర్చునేవాడు.

ఒక ఆదివారం పొద్దున్న, పంచె మీదే, బావ వెళ్లి ముందు తలుపు తీసి సీటు మధ్యలో కూర్చున్నాడు. కాసేపు కాళ్లు అటూ ఇటూ జరుపుకుని లోపలికి కేక వేశాడు. అక్క గుమ్మంలోకి వచ్చి ఏమిటండీ అంది. "ఇలా రా. క్లచ్ నా కుడి కాలికి అందుతోంది. నువ్వు చెప్పు, నేను తొక్కుతాను" అన్నాడు. నిజమే మరి. అమెరికా కారైనా మన దేశానికి పంపింది కాబట్టి స్టీరింగు కుడివైపే, క్లచ్ అన్నిటికీ ఎడమ చివర. పక్కన కూర్చున్న మనిషి కాస్త జరిగి కూర్చుంటే చాలు. కాస్త ఏమిటిలెండి, భుజానికి భుజం ఆనేలా కూర్చోవాలి. అక్క కారు దాకా వచ్చి ముందు సీట్లోకి చూసింది. "మీకెందుకండీ ఈ అవస్థ, ఆఫీసు వాళ్లు చూస్తే ఏమనుకుంటారు?" అంది. "వాళ్లెవరికీ క్లచ్ తొక్కడం రాదు. ఎక్కు" అన్నాడు బావ.

కొండాపూర్ వైపు బండల మధ్య మైదానంలో వాళ్ల శిక్షణ. వెనక సీటు నాకు దక్కింది, పేపరుతో సహా. మొదట్లో అక్క "తొక్కండి, ఇంకా, ఇంకా, ఇప్పుడు వదలండి, మెల్లగా అన్నానా" అని చెప్పేలోపు కారు కుప్పిగంతులు వేసేది. మేకలు కాసుకునే ముసలాయన రాతి మీద కూర్చుని, "ఏందమ్మా, ఇద్దరు గలిసి ఒక్క బండిని గిట్ల పరేషాన్ జేస్తున్రు" అన్నాడు. బావ అంత పెద్దగా నవ్వగా వినడం నాకదే మొదలు. రానురాను మాటలు తగ్గాయి. "ఊ" అంటే తొక్కడం, వడ్డించేటప్పుడు అన్నట్టు "చాలు" అంటే వదలడం. అక్క ఎడమచెయ్యి గేరు పుల్ల మీదికి వెళ్లే వేళకి బావ కాలు దిగేది. ఒక నాటికి ఊ కూడా అక్కర్లేకపోయింది, అక్క భుజం కదలికని బట్టి ఆయనకి తెలిసిపోయేది. మళ్లీ గంపలు అక్క చేతుల మీదుగా మార్కెట్‌కి వెళ్లాయి. కారు ఇంటికి చేర్చాక బావ ఆఫీసుకి మధ్యాహ్నం పూట వెళ్లడానికి ఎవరిని ఎలా బతిమాలుకున్నాడో నాకిప్పటికీ తెలీదు. ఆఫీసులో నవ్వారట. నవ్వితే నవ్వుకోనీ అన్నాడట.

ఒకటి చెప్పాలి, ఆ తర్వాతే వాళ్లిద్దరూ దెబ్బలాడుకోవడం మొదలుపెట్టారు. అంతకుముందు అంత చనువెక్కడిది! ఒకరోజు ఏదో మాటా మాటా వచ్చి మూతులు ముడుచుకుని బయల్దేరారు. లింగంపల్లి రైలు గేటు దగ్గర ఆగాం. గేటు లేచింది. అక్క చెప్పదు, బావ తొక్కడు. వెనక లారీ హారను మోగిస్తోంది. "మీ పంతాలు ఇంటికెళ్లి చూసుకోండి, ముందు బండి కదపండి" అన్నాను నేను పేపరు మడిచి. అక్క కిటికీలోంచి బయటికి చూస్తూ "ఊ" అంది. బావ పైకి చూస్తూ తొక్కాడు. రెండో గేరుకి వచ్చేసరికి ఇద్దరికీ నవ్వాగలేదు. వాళ్లు పెళ్లిపీటల మీద కూడా అంత దగ్గరగా కూర్చోలేదని మా అమ్మతో చెప్పాను.

డెబ్భైల చివర్లో తోట బావి అడుగంటింది. పందిళ్లు ఎండాయి. నేల ప్లాట్ల కింద అమ్మేశారు, కారుతో పనీ తీరింది. పెళ్లి ఊరేగింపులకి కిరాయికి తిప్పుకుంటానని ఒకాయన వచ్చి కొన్నాడు. అప్పటికి నాకు పెళ్లయి సిటీలోనే ఉన్నాను, ఆ రోజు చూడాలనిపించి వచ్చాను. ఆయన ఎక్కి కూర్చున్నాడు. ఎడమ కాలితో క్లచ్ తొక్కి, చేత్తో గేరు వేసి, ఎవరినీ ఏమీ అడక్కుండా సాఫీగా వాకిలి దాటించాడు. ముందు సీట్లో ఆయన పక్కన అంత చోటూ ఖాళీ. అక్కా బావా గేటు దగ్గర నిలబడి కారు బొంబాయి రోడ్డు మలుపు తిరిగేదాకా చూశారు. "ఒక్కడే నడుపుకుంటున్నాడు, పాపం" అన్నాడు బావ. అక్క మోకాలి మీద పెట్టే చెయ్యి ఆ రోజు బావ భుజం మీద వేసి లోపలికి నడిచింది.

ఇద్దరూ పోయి చాలాకాలమైంది. క్యాబ్ నల్లగండ్ల చేరింది. పందిళ్లున్న చోట పద్నాలుగు అంతస్తులు లేచి ఉన్నాయి. డ్రైవరు ఎడమ కాలు ఇంకా సీటు మీదే ఉంది, పక్క సీట్లో నీళ్ల సీసా ఒకటి దొర్లుతోంది. కాలం మన పనులన్నీ సులువు చేసుకుంటూ వచ్చింది, కాదనను. పక్కన ఇంకో మనిషి ఉంటే తప్ప జరగని పనులు వాటితోపాటు ఎన్ని పోయాయో మాత్రం, దిగి గేటు దాకా ఒక్కదాన్నే నడుస్తున్నప్పుడు గానీ నాకు తట్టలేదు.