అక్క గాజుపెట్టెలో రెండో రాణి

పోయిన సోమవారం అక్క వాళ్ల ఊరు మంగళగి నుంచి ఫోన్ వచ్చింది, ఆమె చనిపోయిందని. బీదర్‌లో మా బడి సైన్సు టీచర్ ఆమె. అందరికీ అక్కే. నేనప్పుడు కొత్తగా చేరిన లెక్కల టీచర్ని. ఫోన్ పెట్టేయగానే నాకు గుర్తొచ్చింది ఆమెతో చెప్పలేకపోయిన తప్పు. మీకైనా చెప్పాలి.

హైదరాబాద్‌లో వారానికో కంప్యూటర్ కంపెనీ తెరుస్తున్న రోజులవి. మా టీచర్లు సగంమంది ఏదో కోర్సు నేర్చుకుని బస్సెక్కేశారు. అక్క మాత్రం ల్యాబులో తన గాజుపెట్టె ముందే కూర్చునేది. అందులో నల్లచీమలు, ఆరేళ్లుగా గుడ్లు పెడుతున్న వాటి రాణి. “నేను పోతే వీటికి మేత ఎవరు పెడ్తరు?” అనేది చక్కెరనీళ్ల దూది మారుస్తూ.

ఒక వాన సాయంత్రం కిటికీ దగ్గర రెక్కలూడిన ఎర్రచీమ కనిపించింది, రాణిలా లావుగా. రంగు వేరైనా, పెట్టెలోంచి తప్పిపోయిన బిడ్డేదో తల్లిగారింటికి వచ్చిందనుకున్నాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది, మూత తీసి లోపల వేశాను.

మర్నాడు పొద్దున అక్క పెట్టె మీదికి వంగి ఉంది. “పరాయి రాణి దూరింది” అంది. ఎర్రది పెట్టెలో పనులు చేసే కూలిచీమలకు ఒళ్లు రుద్దుకుని వాటి వాసన తన ఒంటికి పట్టించుకుందట, ఒక్కటీ అడ్డుకోలేదు. నేను చూస్తుండగానే ఎర్రది పెద్ద రాణి మీద ఏదో చిమ్మి పక్కకు తప్పుకుంది. మళ్లీ వచ్చి చిమ్మింది. అంతే, కూలిచీమలు తల్లిని చుట్టుముట్టి కాళ్లు పట్టి లాగసాగాయి.

“ఎర్రదాన్ని తీసేద్దాం అక్కా.”

“తీసినా లాభం లేదమ్మా. తల్లి వాసన మారిపాయె. సొంత బిడ్డలే గుర్తు పడ్తలేవు.”

మూడు రోజులకు పెద్ద రాణి ముక్కలైంది. మూత ఎవరు తీశారని అక్క ఎవర్నీ అడగలేదు. అడిగితే చెప్పేసేదాన్నే. అడగలేదు కాబట్టి నేను తప్పించుకు తిరిగాను.

ఎర్రరాణి పెట్టిన గుడ్లను, తల్లిని చంపిన ఆ నల్లచీమలే సాకాయి. తర్వాత ఒక్కొక్కటే ముసలివై రాలిపోయాయి. రెండేళ్లు తిరిగేసరికి పెట్టెనిండా ఎర్రవే. అక్క దూది మార్చడం మానలేదు. నాకు ఒళ్లు మండేది.

“వీటికెందుకక్కా?”

“ఇవేం జేసినయ్? ఈడ పుట్టినయ్, ఆకలైతది.”

ఆ ఏటి వానలకు రెక్కల రాణులు పుట్టి అద్దానికి కొట్టుకోసాగాయి. అక్క పెట్టెను కిటికీలో పెట్టి నన్ను పిలిచింది.

“వదిలితే ఇంకో చీమల ఇంట్ల దూరుతయి గదా అక్కా?”

“దూరుతయి. శానా మటుకు వాకిట్లనే చస్తయి. వదలకుంటే అన్నీ ఈడనే చస్తయి.” నా వైపు చూడకుండానే అంది, “నువ్వే ఏసినవు గదమ్మా. మూత నువ్వే తియ్యి.”

రెండేళ్లూ ఆమెకు తెలుసు. ఒక్క మాట అనలేదు. నాకు ఏడుపొచ్చింది. నేను తోస్తే మూత గీసుకుంటూ పక్కకు జరిగింది. ఎర్రరాణులు నా వేళ్ల మీదికెక్కి, రెక్కలు విప్పుకుని, ఒక్కొక్కటే వాన వెలిసిన గాలిలోకి పోయాయి. చివరిది ఎగిరేదాకా అక్క తన అరచేయి నా చేతి కింద పట్టి ఉంచింది.