ఎర్రపూల జెముడుకు వేరు పట్టిన రోజు

మా అన్న పట్టాళానికి వెళ్లేముందు బెంగుళూరు నుంచి ఒక ఎర్రపూల జెముడు తెచ్చి, కుప్పంలో మా అమ్మ చేతికిచ్చాడు. యుద్ధం రోజులవి. వాడు రాసే ప్రతి ఉత్తరంలోనూ చివర ఒకటే మాట: "అమ్మా, చెట్టు ఎట్లుండాది?"

ఆ ఏటి వానలకు చెట్టు మొదలు కుళ్లిపోయింది. అమ్మ ప్రార్థన తప్పని మనిషి, అబద్ధం రాయించలేదు. నిజం రాస్తే అంత దూరాన వాడి మనసు చెడుతుంది. అందుకని జవాబే రాయించకుండా, బాగున్న ముక్కలు మూడు కోసి గుడ్డలో చుట్టి, మదనపల్లెలో కాపురముంటున్న నాకు మా మేనమామ చేత పంపింది. "ఒకటన్నా బతికించమ్మా. అది నిలబడినాకే వానికి జాబు" అని చెప్పి పంపింది.

నాకు తెలిసిందల్లా మల్లెచెట్టు. ఆ రోజే ఒక ముక్కను మాగిన పేడఎరువులో నాటి, రెండు పూటలా నీళ్లు పోశాను. వారానికల్లా అది మగ్గిన అరటిపండులా మెత్తబడి చేతికొచ్చింది.

మా అత్త వయసులో సోమల దగ్గర చేలకు నాగజెముడు కంచెలు వేసిన మనిషి. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంది.

"మల్లె అనుకుంటివా అమ్మీ? మేం కంచెకు కోసిన జెముడును గట్టు మీద పారేసి పోతాంటిమి. కోసిన గాయం ఎండినాకనే నాటేది. తడి దానికి పడదు."

మిగతా రెండు ముక్కలూ చాటలో పెట్టి నీడన ఆరబెట్టాం. పది రోజులకు కోసిన చోట పొర గట్టిపడింది. ఏటి ఇసుక, గుప్పెడు ఎర్రమట్టి, నలగ్గొట్టిన పెంకులు, పొయ్యి బొగ్గులు కలిపి, అడుగున చిల్లులు పొడిచిన రెండు చట్లలో నాటాం.

నాకు నిలకడేది? రోజూ ఒకదాన్ని పైకి తీసి చూసేదాన్ని. ఒకనాడు దారమంత తెల్లవేరు కనబడింది! కనబడినట్టే నా వేళ్ల మధ్య తెగింది. ఆ ముక్క వడిలిపోయింది.

"యాల అట్ల పీకి సూస్తావే? కడుపులో బిడ్డను గూడా దినామూ తీసి సూస్తావా?" అని మా అత్త మిగిలిన చట్టిని పంచకప్పు మీద, నా చెయ్యి అందని చోట పెట్టేసింది.

మూడు వారాలు! ఒక పొద్దున తనే దించింది. "పీకొద్దు. ఊరికే కదిలించి సూడు."

రెండు వేళ్లతో కదిలించాను. రాలేదు. మట్టిని గట్టిగా పట్టుకుని ఉంది!

"అత్తా! పట్టుకునిందత్తా! రాలేదు!"

నా కేకకు, ఆసుపత్రి పనికి బయలుదేరుతున్న మా ఆయన కర్ర తీసుకుని సగం గుండీలతో పరుగెత్తుకొచ్చాడు. "పామా? యాడ?"

"పాము కాదురా, వేరు!" అంది మా అత్త.

ఆయన కుప్పానికి కార్డు వేశాడు. నాలుగో రోజుకే అమ్మ పుంగనూరు బస్సు దిగింది. మంచినీళ్లయినా తాగకుండా చట్టి ముందు కూలబడింది. కొసన గోరంత పచ్చని చిగురు.

"వదినా, కాగితముంటే ఇయ్యి. మా పిల్లోనికి జాబు రాయించాల."

మా ఆయన రాయడానికి కూర్చున్నాడు. అమ్మ చెప్పింది: "నాయనా, నువ్వు తెచ్చిన చెట్టు వానలకు పాయె. దాని ముక్క నీ చెల్లెలింట్లో సిగురేసింది."

చెప్పి, అల్లుడి భుజం మీదుగా ఆ అక్షరాల వైపు చూసింది.

"పాయె అన్నది సన్నంగా రాయప్పా. సిగురేసిందన్నది లావుగా రాయి."