పాత్రలు పంచింది నేనే

పదేళ్ళ క్రితం రాజోలు దగ్గర జూనియర్ కాలేజీలో ఇంగ్లీషు చెప్పేవాణ్ణి. ప్రేమించుకున్న ఇద్దరు చిన్నవాళ్ళు పెద్దల పగకు బలైపోయే పాత విషాద నాటకం పాఠంగా ఉండేది. పిల్లల మనసుకెక్కాలని రోల్ నంబర్ల వరసలో పాత్రలిచ్చి చదివించాను. నాయిక మాటలు ఒక రైతుగారి అమ్మాయికి, నాయకుడివి ఊరి చివర దళితుల పేటలోని క్రైస్తవ కుర్రాడికి వచ్చాయి.

మర్నాడు ఆమె తండ్రి కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చారు. “ఆ పేట కుర్రాడితో మా పిల్ల చేత ప్రేమ కబుర్లు ఎవరు చెప్పించేరండీ, మాస్టారూ?”

ఉద్యోగం పోతుందని భయపడ్డాను. “వాళ్ళే అడిగేరండీ” అన్నాను.

ఆ అమ్మాయి నా ముఖంలో భయం చూసి, “ఆయ్, నేనే అడిగేను నాన్నగారూ” అంది.

ఆమె మళ్ళీ కాలేజీకి రాలేదు.

ఆ అబద్ధం మోసి మోసి అలసిపోయాను. ఆ తండ్రిగారికి ఇప్పుడు చెబుతున్నాను: పాత్రలిచ్చింది నేనే. మీ అమ్మాయి ఆ కుర్రాడితో అంతకుముందు ఒక్క మాటైనా మాట్లాడలేదండీ.