మామ ఎత్తిన వేలు

మా మామ అనగానే నాకు ముందు కనబడేది పైకెత్తిన చూపుడువేలు. గార్లదిన్నె పక్కన బొప్పాయి తోటలోనే మా ఇల్లు. బోరు మోటారు ఆడినంతసేపూ ఆయన గడపలో కూర్చుని వేలెత్తి వినేవాడు. బోరులో నీళ్ళైపోతే పైపు సద్దు మారుతుంది. అప్పుడే ఆపకుంటే మోటారు కాలిపోతుంది. అందుకని అంతసేపూ మిక్సీ వేయకూడదు. అనంతపురంలో పెరిగిన కోడలిని, నాకు ఒళ్ళు మండేది.

ఆ ఎండాకాలం ఒకరోజు పాప ఆకలికి ఏడుస్తాంది. బొప్పాయి, అరటిపండు ముక్కలు, పాలు జార్లో వేసుకుని, మోటారు ఆగేదాకా అని చాలాసేపు కాచుకున్నాను. ఇంక ఓపిక లేక మిక్సీ తిప్పినాను.

"ఆపమ్మా, ఆపు! పైపు సద్దు వినబడ్లే!"

ఆపినాను. బయట పైపు గరగరమంటాంది. ఆయన చెప్పుల్లేకుండానే స్టార్టరు దగ్గరికి ఉరికినాడు. మోటారు దక్కింది. నీళ్ళు మాత్రం ఆ రోజు రాలేదు, మర్నాడూ రాలేదు.

నెల తిరక్కుండానే చెట్లు వాడిపోయినాయి. మిగిలిన నాలుగు కాయలు ఆయనే కోసుకొచ్చి నా ముందు పెట్టినాడు. ముక్కలు జార్లో వేసి, అలవాటుగా ఆయన వేలి వైపు చూసినాను. చేతులు రెండూ ఒళ్ళోనే ఉన్నాయి.

"వేసుకోమ్మా," అన్నాడు. "ఇంక వినేదేముండాది?"