గుట్ట మీద నుంచి జారిన పూట

నిజాం రాజ్యంలో, నేను ఇబ్రహీంపట్నానికి కొత్త కోడలిగా వచ్చిన రోజుల మాట. దసరా ముందు గోడలు అలకడానికి ఆడవాళ్లమంతా గుట్టకు ఎర్రమన్ను కోసం పోయేవాళ్లం. మెత్తటి మన్ను అడుగునే దొరుకుతుందని అందరూ ఏటా అక్కడే తవ్వేవాళ్లు. తవ్వీ తవ్వీ గుట్ట అడుగంతా తొలిచేశాం. పైభాగం చూరులా ముందుకు పొడుచుకొచ్చింది.

ఆ ఏడు వానలు దంచికొట్టాయి. మా అత్త గంప నింపుకొని పక్కకు జరిగింది. నేనూ, ఆడబిడ్డా పైన అంచున కూర్చుని సీతాఫలాలు తింటున్నాం. నానిన మన్ను మా కింద మెల్లగా కదిలింది. కూర్చున్నవాళ్లం కూర్చున్నట్టే, పండ్లు చేతిలోనే, బండిబాట దాకా జారిపోయాం! ఒళ్లంతా ఎరుపు. ఒకటే నవ్వు. ఆగమంటే ఆగుతుందా!

"ఇంకొక్కపారి జారుదమా వదినా?" అంది ఆడబిడ్డ.

అత్త మండిపడింది. "సస్తుంటిరి గదనే! కింద తొలిస్తే మీదిది ఉంటదా? ఇగ మీదికెల్లి మెట్లు మెట్లుగ తవ్వాలె."

మరుసటి ఏడు అందరికన్నా ముందు ఆమే పైకెక్కి మెట్లు తవ్వింది. దిగేటప్పుడు మాత్రం మెట్ల వైపు రాలేదు. అటూ ఇటూ చూసి, మగవాళ్లెవరూ లేరని తేల్చుకుని, గంప ఒళ్లో పెట్టుకుని, నిరుడు కూలిన మన్ను మీద జర్రున జారింది.