ఇరవై ఐదో బొక్క

మొన్న కొన్న కొత్త ల్యాప్‌టాప్‌ను చుట్టూ తడిమి చూస్తే రెండే రెండు సందులు దొరికినయి. అవి కూడ చీమ దూరాలంటే నడుము వంచాల్సినంత. పెన్‌డ్రైవ్‌కొక తోక, ప్రింటర్‌కొక తోక, ఆ తోకకు మళ్లీ ఇంకో తోక కొనుక్కొచ్చేసరికి ఒళ్లు మండి, పాత వైర్లేమన్న పనికొస్తయేమోనని సందూక తెరిచిన. అడుగున మా బావ ల్యాప్‌టాప్ పండుకొని ఉన్నది.

తొంభైలల్ల పట్నంల ఆఫీసోళ్లు వద్దనుకుంటే మా అక్క మొగుడు తెచ్చి నాకిచ్చిన సరుకది. ఒళ్లో పెట్టుకుంటే చూడి బర్రెను కూర్చోబెట్టుకున్నట్టే. లేచేసరికి తొడలు నావి కాకపోయేవి. వెనక మూత తీస్తే సర్కారు దవాఖాన కిటికీలన్ని జాగాలు. మౌస్‌కొకటి, తెరకొకటి, తొమ్మిది ముండ్లదొకటి, అన్నిటికన్న వెడల్పుగ ఇరవై ఐదు బొక్కల ప్రింటర్ జాగా. ఆ ఇరవై ఐదింటి మీదనే నా బతుకు వేలాడుతుండె. రెండుసార్లు గడువు పెంచుకున్న నా పరిశోధన వ్యాసం దసరా దాటిన మూడోనాడు యూనివర్సిటీల ఇయ్యాలె, లేకుంటే పేరు కొట్టేస్తరు. వ్యాసమంతా ఆ పెట్టెలనే ఉన్నది. నల్గొండల ప్రింటర్‌ను కిరాయికి మాట్లాడి, పానగల్‌ల మా అవ్వ ఇంటికి ఆటోల పచ్చిబాలింతను తెచ్చినట్టు తెచ్చిన.

పండుగ తెల్లారి వైరు గుచ్చబోతే దిగదు. తిప్పిన, నొక్కిన, మోకాలు ఆనించి తోసిన. టార్చిలైటు ఏసి చూస్తే బొక్కలన్నీ పచ్చగ మెరుస్తున్నయి. పసుపు!

"అవ్వా, ఏం జేసినవే?"

"ఏం జేసిన? పండుగనాడు కొడవలికి పెట్టిన, నీ బాపు సైకిల్‌కు పెట్టిన. నీకు రేపు బువ్వ పెట్టేదానికి బొట్టు పెట్టొద్దా? ఏలు పట్టకపోతే చీపురుపుల్లతోటి ఒక్కొక్క బొక్కకు పెట్టిన. నడుమంతా పోయింది తెల్సా?"

ఒక్కటి కూడ విడిచిపెట్టలేదట. ఆ శ్రద్ధల సగం నాకుంటే ఆ వ్యాసం ఎన్నడో అయిపోయేది.

పెట్టెను, వైరును ఎత్తుకొని రేడియోలు బాగుచేసే చిచ్చా దుకాణానికి ఉరికిన. ఆయన కంటికి అద్దం పెట్టుకొని చూసి, "అరే బేటా, గిది మిషనా, పెండ్లిపిల్లనా?" అన్నడు. సూది, స్పిరిట్ పట్టుకొని పొద్దుగూకే దాక తవ్విండు. పానగల్ పాతగుళ్ల కింద తవ్వినా అంత బయటికి ఎల్లకపోయేది. ఆఖరికి తలకాయ ఊపిండు. "ఇరవై నాలుగు సాఫ్. ఒక్క దాంట్ల పుల్ల ఇరిగి కూసున్నది. గట్టిగ పొడిస్తే మొత్తం ఖతం." నేను నెత్తి పట్టుకుంటే, కటింగ్ ప్లేరు తీసి వైరుకున్న ఆ ఒక్క ముల్లును టక్కున తుంచిండు. "ఫికర్ చెయ్యకు, నడుస్తది."

నడిచింది. కాని ప్రతి వరుసను అడ్డంగ కోసుకుంట ఒక తెల్లగీత. రెండు వందల పేజీలు! యూనివర్సిటీల మా సారు కాగితాలు తిరగేసి, "ఏందయ్యా గిది, అంచు చీర లెక్క?" అని తిట్టుకుంటనే తీసుకున్నడు. తర్వాత పట్టా చేతికొస్తే అవ్వ పండ్లు లేని నోటితోటి నవ్వి, "బొట్టు పెట్టబట్టే!" అన్నది.

కొత్తదాన్ని తెచ్చి పాతదాని పక్కన పెట్టిన. దీని సందుల చీపురుపుల్ల కూడ పట్టదు. పట్టినా, నడుము పోయేటట్టు వంగి పెట్టే మనిషి లేదు. చిచ్చా లేడు, దుకాణం లేదు, ఆ సారు తిట్లు కూడ లేవు. ఇన్నేండ్లల్ల కాలం అన్నిటినీ సూదిపెట్టి తవ్వుకపోయింది గని, ఆ ఒక్క బొక్కల పసుపు మాత్రం దానికి కూడ ఊడి రాలేదు.