తాళం వేసిన ఇళ్లతో మాట్లాడిన వదిన

వదిన పోయిందని తాండూరు నుంచి ఆమె కూతురు ఫోన్ చేసింది. కూతురి దగ్గర నాలుగు రోజులు ఉండొస్తానని వెళ్లిన మనిషి, మధ్యాహ్నం భోజనం చేసి పడుకుని మళ్లీ లేవలేదట. నేను వెంటనే ఏడవలేదు. ముందు లేచి వెళ్లి వీధి తలుపు గడియ పడిందో లేదో చూసి వచ్చాను. ఆమె పెట్టిన అలవాటు అది. ఆమె చావుకైనా అందులో మినహాయింపు లేదు.

రక్తసంబంధమేమీ లేదు, ఎదురింటావిడ. ఒకరినొకరం వదినా అనే పిలుచుకునేవాళ్లం. వికారాబాద్ చివర, పొలాలు ప్లాట్లుగా మారిన చోట ఉంటుంది మా కాలనీ. సగం ఇళ్లకు మనుషులున్నారు, సగం ఇళ్లకు తాళాలున్నాయి. ఊరికి పోయేవాళ్లు తాళంచెవి వదినకిచ్చి పోయేవారు. ఇంట్లో మనుషులున్నట్టు కనిపించాలని ఆమె వాళ్ల వాకిట్లో ముగ్గు వేసేది. గడప పక్కన, కాలం చేసిన తన భర్త చెప్పులు పెట్టేది. పెరట్లో తీగ మీద తడి లుంగీ ఆరేసేది. అది చాలదన్నట్టు ఖాళీ ఇంటి ముందుగదిలోకి వెళ్లి, వీధికి వినపడేలా మాట్లాడేది.

"సచ్చిన మనిషి చెప్పులకు ఇంటింటికీ డ్యూటీ ఏస్తివి గదా వదినా," అన్నానొకసారి.

"బతికినప్పుడు ఇంటిపట్టున ఉన్నడా ఏంది? ఇప్పుడన్న కాపలా ఉండనియ్యి."

మా పక్కింటాయన కరణ్‌కోట సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. తల్లికి బాగాలేదని భార్యాపిల్లలతో ఊరికి వెళ్లాడు. ఆ రోజుల్లో ఆ ఇంట్లో పట్టపగలే లైటు కనిపించేది, కుళాయి చప్పుడు వినిపించేది. వదిన పనితనం ముదిరిందని చెప్పుకుని నవ్వుకున్నాం.

ఒక మధ్యాహ్నం నేను ఆ గేటు దగ్గర నిలబడి ఉన్నాను. లోపల నుంచి వదిన గొంతు వినిపించింది. "ఏమయ్యా, జర చాయ్ తాగుతరా?"

మగమనిషి దగ్గు.

ఈవిడ దగ్గడం కూడా నేర్చిందే అనుకున్నాను. వదిన గొంతు ఒక్క క్షణం ఆగి, మళ్లీ అదే తీరున సాగింది. "దగ్గు ఇంక తగ్గలే మీకు? ఉండుండ్రి, కషాయం తెస్త."

బయటికి వచ్చి, చప్పుడు కాకుండా గడియ పెట్టి తాళం వేసింది. గేటు దాటాక నా చేయి పట్టుకుంది.

"వదినా, గా దగ్గు నాది గాదు."

పోలీసులు వచ్చేసరికి లోపల ఎవరూ లేరు. బాత్రూం వెంటిలేటర్ అద్దాలు ఊడదీసి, గోడకు ఒద్దికగా ఆనించి ఉన్నాయి. పొయ్యి మీద గిన్నె ఇంకా వెచ్చగా ఉంది. పొద్దున వదిన తీగ మీద ఆరేసిన లుంగీ, పడకగదిలో దిండు పక్కన మడతపెట్టి ఉంది.

"చాన రోజులసంది ఉన్నట్టున్నడు అమ్మా," అన్నాడు కానిస్టేబుల్. "లైటు చూసి ఎవ్వరికీ అనుమానం రాలేదా?"

వదిన మెల్లగా అంది. "నేను మాట్లాడిందంత ఇన్నడు. దినాము."

అతను దొరకలేదు. ఆ తర్వాత వదిన తన ఇంట్లో ఒంటరిగా ఉన్నప్పుడు కూడా నోరు మెదిపేది కాదు. చెప్పులు, లుంగీ అన్నీ మూలపడ్డాయి. కాలనీ కార్యదర్శి భద్రత కోసమని వాట్సాప్ గ్రూపు పెట్టాడు. అందులో గులాబీలు, శుభోదయాలు మాత్రం క్రమం తప్పకుండా వచ్చేవి. వదిన ఇంటింటికీ తిరిగి చెప్పింది.

"మనిషి ఉన్నట్టు నటించుడు బంద్. ఊరికి పోతె పక్కోళ్లకు చెప్పి పోండ్రి. ఖాళీ ఇంట్ల సప్పుడైతె బయట నిలబడి పిలువుండ్రి. జవాబొస్తె లోపలికి పోకుండ్రి, వంద నంబరుకు కొట్టుండ్రి. పిలువనీకి ఒక్కరే మాత్రం పోకుండ్రి."

అప్పటినుంచి సాయంత్రాలు ఇద్దరం తాళం వేసిన ఇళ్ల ముందు ఆగి పిలిచేవాళ్లం. పిలిచిన తర్వాత వచ్చే నిశ్శబ్దాన్ని పూర్తిగా విన్నాకే ఆమె అడుగు వేసేది. ఒంటరి ముసలిదాన్ని, నాకు ఈ కాలనీలో నిద్ర పట్టిందంటే ఆ పిలుపు చలవే.

ఇప్పుడు తాళం వేసిన ఇళ్లలో ఆమెది కూడా చేరింది. నిన్న సాయంత్రం వెనక వీధి టైలరమ్మను తోడు తీసుకుని ఆ గేటు ముందు నిలబడ్డాను. కిటికీ తెర కొద్దిగా కదులుతోంది. రెక్క సరిగా మూయలేదేమో.

"లోపల ఎవరున్నరు?" అని పిలిచాను.

జవాబు రాలేదు. రాకూడదనే కదా పిలవడం. అయినా ఇద్దరం చెవులు అటే పెట్టి, ఆ తెర కనిపించనంతగా మసక కమ్మేదాకా అక్కడే నిలబడ్డాం.